బొమ్మలు గీసే మనవడి గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరమూ, దానితో పాటు మనవడు గీసిన మూడు బొమ్మలూ అందాయి. వాడికి ఏడో ఏడు నడుస్తోందనీ, నోటు పుస్తకాల అట్టల లోపలి వైపు కూడా ఖాళీ ఉంచడం లేదనీ, కామిక్స్‌లో ఉండే బొమ్మలను గీయడం పద్ధతిగా నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగావు. పత్రికలకు నలభై ఏళ్ళు బొమ్మలు వేసినవాణ్ణి కనుక నా దగ్గర ఏవో కిటుకులు ఉంటాయని నీ నమ్మకం. ఉన్నాయి, ఈ ఉత్తరంలోనే చెబుతాను. అయితే ముందు వేరే మాట ఒకటి చెప్పాలి.

రెండో బొమ్మలో ఏనుగు తొండం దగ్గర కాగితం నలిగి పలచబడింది. అక్కడ ఎవరో రబ్బరుతో గట్టిగా చెరిపారు. చెరిపిన చోట గీసిన కొత్త తొండం చక్కని వంపుతో నిజమైన ఏనుగు తొండంలాగే ఉంది, కానీ అది వాడి గీత కాదు. మిగిలిన బొమ్మంతా పెన్సిలును ఒత్తిపట్టి, ఊపిరి బిగబట్టి గీసినట్టుంటే, తొండం ఒక్కటే తేలికగా జారిపోయిన గీత. దిద్దినది నువ్వే అయి ఉంటావు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే పాత తొండం జాడ ఇంకా తెలుస్తోంది. అది కాగితం అంచు దాకా పోయి, చోటు చాలక వెనక్కు తిరిగి, పైన ఉన్న గొడుగును ఒక చుట్టు చుట్టి ఆగింది. ఆ గొడుగు ఇప్పుడు ఎవరూ పట్టుకోకుండానే గాలిలో నిలబడి ఉంది.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే ఈ పని నీకంటే ముందు నేను చేశాను. మా అబ్బాయికి ఆరేళ్ళు ఉన్నప్పుడు ఒక కుక్కను గీసి తెచ్చాడు. దానికి తొమ్మిది కాళ్ళున్నాయి. నేను నవ్వి, అయిదు కాళ్ళు చెరిపి, నాలుగు ఉంచి, "కుక్కకు ఎన్ని కాళ్ళురా?" అని అడిగాను. వాడు ఆ కాగితం వైపే చూస్తూ, "అది పరుగెడుతోంది నాన్నా" అన్నాడు. ఆ తరువాత చాలా కాలం నాకు బొమ్మలు చూపించలేదు. కొన్నేళ్ళకు ఇటలీ చిత్రకారుడు జకోమో బల్లా 1912లో వేసిన చిత్రం అచ్చులో చూశాను. అందులో గొలుసు కట్టిన చిన్న కుక్క ఒకటి యజమానురాలి పక్కన నడుస్తూ ఉంటుంది, దాని కాళ్ళూ తోకా లెక్కకు అందనన్ని ఉంటాయి. చిత్రకళ చరిత్రలో చోటు సంపాదించుకున్న ఊహనే నేను ఇంట్లో రబ్బరుతో తుడిచేశానని అప్పుడు తెలిసింది.

ఆ వయసు పిల్లలు కంటికి కనబడినదాన్ని గీయరు, తమకు తెలిసినదాన్ని గీస్తారు. మూడు నాలుగేళ్ళ పిల్లల బొమ్మల్లో మనిషంటే ఒక గుండ్రటి తల, దానికిందే రెండు కాళ్ళు, మధ్యలో మొండెం ఉండదు. ఆరేడేళ్ళకు మొండెమూ, మెడా, కాళ్ళకింద నేలగీతా వస్తాయి. ముఖ్యమనిపించినది పెద్దదవుతుంది, అక్కరలేనిది మాయమవుతుంది, ఇంటి గోడ వెనక ఉన్న మంచం గోడలోంచి కనబడుతుంది. ఇవన్నీ ఎదుగుదలలో వచ్చే మెట్లే తప్ప చెయ్యి తిరగకపోవడం వల్ల వచ్చే తప్పులు కావు. నిజమైన చిక్కు తొమ్మిది పదేళ్ళ దగ్గర ఎదురవుతుంది. బొమ్మ నిజంగా ఉన్నట్టే ఉండాలన్న పట్టుదల అప్పుడు మొదలవుతుంది, చెయ్యి మాత్రం అంత దూరం రాదు. తన బొమ్మను పక్కవాడి బొమ్మతో పోల్చుకుని, "నాకు రాదు" అని పెన్సిలు పక్కన పడేసేది ఎక్కువమంది ఆ వయసులోనే. మనవడి చేతిలో ఇంకా రెండు మూడేళ్ళు ఉన్నాయి. ఆలోగా మనం వాడికి ఇవ్వవలసినది నైపుణ్యం కన్నా ముందు ధీమా, అంటే తాను గీసినది ఎవరో ఒకరు నిజంగా చదువుతారన్న నమ్మకం.

అందుచేత వాడు బొమ్మ తెచ్చినప్పుడు "ఏమిటిది?" అని అడగకు. ఆ ప్రశ్నకు, గీసినది పోల్చుకోలేకపోతున్నానని అర్థం. "అబ్బ, ఎంత బాగుందో!" అని కూడా వెంటనే అనకు, ఎందుకంటే చూడకుండానే అనగలిగిన మాట అదేనని పిల్లలకు బాగా తెలుసు. కాసేపు చూసి, నీకు కనబడినదాన్ని చెప్పు: "గొడుగు చాలా పెద్దదిగా ఉందే." ఆ తరువాత "ఇప్పుడు ఏం జరగబోతోంది?" అని అడుగు. కామిక్స్‌కు ఈ ప్రశ్నే ప్రాణం. ఏనుగుకు ఏదో కావాలి, దేనికో భయపడుతోంది, ఏదో దాస్తోంది. వాటికి వాడు జవాబు వెతికేటప్పుడే పాత్ర పుడుతుంది, రెండో బొమ్మ అవసరమూ పుడుతుంది.

ఇక కిటుకుల సంగతి. బొమ్మలు గీయడం నేర్పే పుస్తకాలు చాలా ఉన్నాయి కానీ, వాటిలో సగానికి సగం ఒకే తీరు: మొదటి మెట్టులో రెండు సున్నాలు, రెండో మెట్టులో నాలుగు గీతలు, మూడో మెట్టులో గుర్రం. ఆ చివరి రెండు మెట్లకూ నడుమ ఏం జరిగిందో పిల్లవాడికి అంతుపట్టదు సరికదా, లోపం తనదేననుకుంటాడు. నువ్వు ముఖంతో మొదలుపెట్టించు. కాగితం మీద పెద్ద పెద్ద సున్నాలు తొమ్మిది, మూడు వరసలుగా గీయించు. అన్నిటిలోనూ కళ్ళ చోట రెండు చుక్కలు చాలు. మొదటి వరస ముఖాలకు కనుబొమలు ముక్కు వైపు కిందికి దిగాలి, రెండో వరసకు ముక్కు వైపు పైకి లేవాలి, మూడో వరసకు వంతెనల్లా పైకి వంగాలి. ఇప్పుడు నిలువు వరసల్లో నోళ్ళు పెట్టించు: ఒక వరసకు నవ్వే నోరు, ఒకదానికి అడ్డగీత, ఒకదానికి కిందికి వంగిన నోరు. కనుబొమలు కోపంగా ఉండి నోరు నవ్విందంటే వాడు ఏదో పన్నాగం పన్నుతున్నాడు. కనుబొమలు దిగులుగా ఉండి నోరు నవ్విందంటే ఏడుపు దాచుకుంటున్నాడు. ఒక్కొక్క ముఖానికి పేరు పెట్టమని మనవడినే అడుగు. ముక్కూ చెవులూ జుట్టూ లేకుండానే తొమ్మిదిమంది మనుషులు తయారవడం చూసి వాడికి కలిగే ఆశ్చర్యం, నా అనుభవంలో, నెల రోజుల పాఠాలకు సమానం.

ఈ ఎరుక ఇప్పటిది కాదు. జెనీవాలో బడి నడిపిన రొడోల్ఫ్ టోప్ఫర్ అనే పెద్దమనిషి (1799–1846), కంటి జబ్బు వల్ల తండ్రిలా చిత్రకారుడు కాలేక ఉపాధ్యాయుడై, తన దగ్గర చదివే పిల్లలను నవ్వించడానికి గళ్ళలో బొమ్మలు గీసి, కింద మాటలు రాసి కథలు చెప్పాడు. కామిక్స్‌కు ఆద్యుడని ఆయననే చాలామంది చెప్పుకుంటారు. ముఖాన్ని ఎంత వంకరగా గీసినా దానికి ఏదో ఒక భావం వచ్చి తీరుతుందనీ, గీసేవాడు ఆ భావాలను పోల్చి చూసుకుంటూ నేర్చుకోవచ్చుననీ 1845లో రాశాడు. నాకు ఆయనలో నచ్చే సంగతి, బొమ్మలు బాగా వేయడం రాకపోవడాన్ని ఆయన అడ్డంకిగా ఎంచకపోవడం.

ముఖం తరువాత కొలతలు. మనం మనిషి ఎత్తును తలలతో కొలుస్తాం. పెరిగిన మనిషి దాదాపు ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు. వీరుడిలా కనబడాలంటే ఎనిమిది, ఇంకా పైకి కూడా పోవచ్చు. పసిబిడ్డ నాలుగు తలలే. కామిక్స్‌లో ముద్దుగా కనబడవలసిన పాత్రను రెండు మూడు తలల్లోనే ముగిస్తారు. దీన్ని లెక్కలా చెప్పవద్దు. మడతపెట్టిన కాగితం ముక్క మీద తల కొలత గుర్తుపెట్టి, కిందికి జరుపుకుంటూ, అదే ఏనుగును ఒకసారి రెండు తలలతో, ఒకసారి ఏడు తలలతో గీయమను, ఎవరు ఎవరికి తమ్ముడో వాడే చెబుతాడు. ఇంకొకటి కూడా వాడికి ఇష్టమవుతుంది: మనిషి కళ్ళు తలకు సరిగ్గా నడుమ ఉంటాయి కానీ, పిల్లలు, ఆ మాటకొస్తే పెద్దలు కూడా, వాటిని నుదుటి దగ్గర పెడతారు. నడుమకన్నా కిందికి దించితే ఆ ముఖానికి పసితనం వస్తుంది. పెద్ద తల, ఎత్తైన నుదురు, కిందికి దిగిన పెద్ద కళ్ళు, ఉబ్బిన బుగ్గలు చూస్తే మనలో సాకాలనే కోరిక తనంతట తానే పుడుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో ప్రతిపాదించాడు. కార్టూన్ బొమ్మలు గీసేవాళ్ళు ఆ కిటుకును నేటికీ వాడుకుంటున్నారు.

ఆకారాలకు కూడా స్వభావం ఉంటుంది. గుండ్రనివి మెత్తగా, నలుచదరమైనవి మొండిగా, కోణం తేలినవి ప్రమాదకరంగా అనిపిస్తాయి. ఇది వాడికి చెప్పి, ఆ తరువాత దాన్ని తలకిందులు చేయమను. ముళ్ళతో నిండిన పిరికివాడూ, దూదిలా ఉండే దుర్మార్గుడూ మంచి పాత్రలవుతారు. పాత్ర తయారయ్యాక దాన్ని మొత్తం నల్లగా నింపించి, దూరం నుంచి చూడండి. ఆ నీడను చూసి అది ఎవరో పోల్చుకోగలిగితే పాత్ర నిలిచినట్టే, పోల్చుకోలేకపోతే టోపీయో, తోకో, జడో కావలసి ఉంటుంది. మనవడి ఏనుగుకు ఆ గొడుగు ఉండనే ఉంది.

కామిక్స్‌లో అన్నిటికన్నా కష్టమైన పని ఒకే పాత్రను మళ్ళీ మళ్ళీ అదే పాత్రలా గీయడం. మొదటి గడిలో పొట్టిగా ఉన్నవాడు మూడో గడిలో పొడుగవుతాడు, చొక్కా గుండీలు మారిపోతాయి. పెద్ద పెద్ద స్టూడియోలలో కూడా అందుకే ప్రతి పాత్రకూ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటుందో ఒక కాగితం మీద గీసి ఎదురుగా పెట్టుకుంటారు. ఏడేళ్ళవాడికి అంత అక్కరలేదు. "వాడికి ఎప్పుడూ ఉండేవి మూడు" అని మూడు గుర్తులు రాసుకుంటే చాలు. ఏనుగుకయితే ఒక చెవి మడత, గొడుగు, చిన్న తోక. మూడూ ఉంటే అది అదే ఏనుగు.

కథను గళ్ళలో పెట్టేటప్పుడు మొదట నాలుగు గళ్ళకు మించనివ్వకు. పిల్లలు ఉత్సాహంతో వంద పేజీల పుస్తకానికి అట్ట గీసి, లోపల రెండు పేజీలతో ఆగిపోతారు, ఆ ఆగిపోవడమే వాళ్ళను కుంగదీస్తుంది. మాటల విషయంలో ఒక్క నియమం నేర్పితే ఎంతో కాగితం ఆదా అవుతుంది: ముందు మాటలు రాసి, తరువాత వాటి చుట్టూ బెలూన్, అంటే మాటల బుడగ, గీయాలి. బెలూన్ ముందు గీస్తే చివరి రెండు అక్షరాలు చీమల్లా నలిగిపోతాయి. ఎవరు ముందు మాట్లాడతారో వాళ్ళ బెలూన్ ఎడమవైపు, కొంచెం పైన ఉండాలి, ఎందుకంటే మన చూపు అటునుంచే వస్తుంది. రాత ఇంకా సరిగా రాకపోతే వాడు చెప్పినది చెప్పినట్టుగా నువ్వు రాసిపెట్టు, వ్యాకరణం దిద్దకు.

ఇష్టమైన బొమ్మలను చూసి దించుతున్నాడని నువ్వు కంగారు పడినట్టున్నావు. దించనివ్వు, మేమందరం అలాగే నేర్చుకున్నాం. బాపు గీతలను దించని వాడు నా ఈడువాళ్ళలో నాకు కనబడలేదు. ఆయన ఒకే వంపులో భుజమూ, చెయ్యీ, విసుగూ కూడా ఎలా తెచ్చారో తెలుసుకోవాలంటే ఆ వంపు మీద మన పెన్సిలు కూడా నడవాలి. అయితే దించిన తరువాత పుస్తకం మూయించి, "ఇప్పుడు వాడు మన ఏనుగును కలుసుకున్నాడు, ఏమంటాడు?" అని అడుగు. అక్కడి నుంచి బొమ్మ వాడిది.

సామానుకు పెద్దగా ఖర్చు పెట్టకు. మామూలు పెన్సిళ్ళు, ఒక నల్ల స్కెచ్ పెన్ను, ఒకవైపు వాడిన కాగితాల కట్ట చాలు. ఖరీదైన డ్రాయింగు పుస్తకం ఇస్తే పాడవుతుందన్న భయంతో గీయడమే మానేస్తారు. టాబ్లెట్ మీద గీయడాన్ని నేను వ్యతిరేకించను కానీ, అందులో తప్పును వెనక్కు తీసుకోవడం మరీ సులువు. తప్పుగీతను ఏదో ఒకటిగా మార్చుకోవలసిన అవసరం కాగితం మీదే ఎక్కువ వస్తుంది. రబ్బరును వాడి చేతికే ఇవ్వు, నీ చేతిలో మాత్రం పెట్టుకోకు. వారానికి ఒకసారి నువ్వు కూడా పక్కన కూర్చుని, నీ కాగితం మీద నీ బొమ్మ వేసుకో. నీ ఏనుగు పందిలా వచ్చినా పరవాలేదు, అమ్మకు కూడా వంకరగా వస్తుందని వాడు చూడాలి.

ఆ రెండో బొమ్మను నేను తిరిగి పంపుతున్నాను. దిద్దినది నువ్వేనని వాడితో ఒప్పుకుని, పాత తొండం మళ్ళీ గీయాలని ఉందేమో అడుగు. గీసినా గీయకపోయినా, అది ఆ గొడుగును ఎందుకు చుట్టుకుందో వాడు చెప్పినది చెప్పినట్టుగా నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న