కొత్త పెయింటు కింద పుచ్చిన పలక: బోటు తిరిగి ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: నేను, మా తమ్ముడు కలిసి చేపల వేటకు వెళ్తాం. రెండు నెలల కిందట ఇంజనుతో సహా ఒక పాత ఫైబర్ బోటు కొన్నాం. ‘ఇంజను బిగించే వెనక పలక కిందటేడే కొత్తది వేయించా, దాని జోలికి వెళ్లక్కర్లేదు’ అని అమ్మినాయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. బోటంతా కొత్త పెయింటు. ఒడ్డున చూశాం, అరగంట నీళ్లలో తిప్పి చూశాం, బాగానే నడిచింది. మొన్న సర్వీసింగ్‌కి ఇంజను దించితే బోల్టు రంధ్రాల్లోంచి గోధుమరంగు నీళ్లు కారాయి. వేలు పెడితే లోపలి చెక్క తడిసిన అట్టలా ఊడి వచ్చింది. అడిగితే ‘చూసుకునే కదా కొన్నారు, ఉన్నది ఉన్నట్టుగా అని కాగితం కూడా రాసుకున్నాం’ అంటున్నాడు. రేపే కోసేసి కొత్త పలక వేద్దామని మేస్త్రి తొందరపెడుతున్నాడు. సీజన్ పోతుందని టెన్షన్‌గా ఉంది. బోటు తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చా? కనీసం బాగుచేయించిన ఖర్చయినా వస్తుందా?

జవాబు: ముందు మేస్త్రికి ఫోన్ చేసి రేపు రావద్దని చెప్పండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

మీ కేసులో అసలు సాక్షి ఆ పుచ్చిన పలకే. దాని మీద గ్రైండర్ పెట్టారంటే సాక్ష్యం దుమ్మైపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. లోపం తెలిశాక కూడా బోటును కోయించి, మార్పులు చేయించి, వేటకు తీసుకెళ్లారనుకోండి, ‘తెలిసే ఉంచుకున్నారు’ అని అవతలి లాయరు వాదిస్తాడు. ఆ వాదనకు బలం ఉంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడి హక్కుకు పొసగని పని ఏది చేసినా కొన్నవాడు సరుకును అంగీకరించినట్టే. తిరస్కరిస్తున్నానని చెప్పకుండా తగిన సమయం దాటే వరకు ఉంచుకున్నా అంతే. ఒకసారి అంగీకరించారని తేలితే, ఆ చట్టం కింద తిరిగి ఇచ్చే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది. తిరిగి ఇచ్చేయడం, ఉంచుకుని ఖర్చు అడగడం రెండూ ఒకేసారి కుదరవు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదన్న మాట మీకు అక్షరాలా వర్తిస్తుంది.

ఇక ‘చూసుకునే కొన్నారు’ అన్న మాట. దీన్ని కొట్టిపారేయకండి. సరుకు నాణ్యతకు అమ్మినవాడు దానంతట అదే పూచీ పడినట్టు కాదన్నది 16వ సెక్షన్‌లోని మూల సూత్రం. మినహాయింపులు ముఖ్యంగా అలాంటి సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాళ్లకు వర్తిస్తాయి. అందుకని ఆయనెవరో ముందు కనుక్కోండి. వేట మానేసి తన ఒక్క బోటు అమ్ముకున్న మనిషా? లేక పాత బోట్లు కొని, పుట్టీ పెట్టి, పెయింటు వేసి అమ్మే మనిషా? రెండో రకమైతే మీ పని చాలా తేలిక.

అప్పుడు కూడా, మీరు చూసి కొన్న సరుకైతే, ఆ చూడటంలో బయటపడాల్సిన లోపాలకు పూచీ ఉండదు. డెక్కు మీద నడుస్తుంటే కాలి కింద మెత్తగా దిగిందనుకోండి, అది మీరు గమనించాల్సిందే. జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే నిగనిగలాడే పై పూత) మీద సాలెగూడు లాంటి సన్న గీతలు కూడా కంటికి కనిపించేవే, వాటిలో చాలావరకు పైపైనే ఉంటాయి. వెనక పలక సంగతి అలా కాదు. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాలకు సరిగా సీలు వేయకపోతే నీళ్లు అక్కడి నుంచి లోపలికి దిగి చెక్కను కుళ్లబెడతాయి. పైపొర మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అరగంట ట్రయల్‌లో అది తెలియకపోవడం మీ నిర్లక్ష్యం కాదని గట్టిగా వాదించొచ్చు.

మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం వాయిస్ మెసేజ్. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద గుర్రాన్ని ఉదాహరణగా తీసుకుని కొన్ని సందర్భాలు ఇచ్చారు. గుర్రానికి లోపం ఉందని తెలిసీ అమ్మేవాడు ఏమీ మాట్లాడకపోతే మోసం కాదు. కానీ కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా’ అన్నప్పుడు మౌనంగా ఉంటే, ఆ మౌనమే మాట. మీ అమ్మకందారు మౌనంగా కూడా లేడు, పలక కొత్తదని నోరు తెరిచి చెప్పాడు. అది అబద్ధమని తెలిసి చెప్పి ఉంటే, పైగా పుచ్చును పుట్టీతో, పెయింటుతో కప్పి ఉంటే, 17వ సెక్షన్ చెప్పే మోసం అదే. అప్పుడు 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట చట్టం తనంతట ఇచ్చే పూచీలను తీసేస్తుందేమో గానీ మోసానికి గొడుగు పట్టదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆయన నిజంగానే కిందటేడు పలక వేయించి, ఆ మేస్త్రి పని చెడగొట్టి ఉంటే? అప్పుడది మోసం కాదు, తెలియక చెప్పిన తప్పు మాట కావచ్చు. అలాంటప్పుడు మామూలు జాగ్రత్తతో మీరు నిజం తెలుసుకోగలిగేవారా అన్న ప్రశ్న వస్తుంది, మీ కేసు కాస్త పలచబడుతుంది. అందుకే నోటీసులో ‘పలక మార్పించిన బిల్లు, చేసిన మేస్త్రి వివరాలు ఇవ్వండి’ అని అడగండి. ఇస్తే ఒక దారి, ఇవ్వలేకపోతే ఆ మౌనం కోర్టులో మీకు పనికొస్తుంది. పలక కొత్తదన్న మాట మీద ఆధారపడే బేరం కుదిరిందని చూపగలిగితే, మోసం రుజువు కాకపోయినా వస్తువుల విక్రయ చట్టం 59వ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే దారి ఉంది.

ఇప్పుడు సాక్ష్యం. ముందు బోటు మొత్తం ఫొటోలు తీయండి. వెనక పలకను దూరం నుంచి, దగ్గర నుంచి, ప్రతి బోల్టు రంధ్రం పక్కన స్కేలు పెట్టి తీయండి. తర్వాత ప్లాస్టిక్ సుత్తితో పలకంతా తట్టుతూ ఆగకుండా ఒకే వీడియో తీయించండి. గట్టి చోట టక్ టక్ అని మోగుతుంది. పొర ఊడిన చోట, చెక్క పుచ్చిన చోట డబ్ డబ్ అని మొద్దుగా వినిపిస్తుంది. ఆ శబ్దం మారిన చోటల్లా చాక్‌పీస్‌తో గీత గీయండి. చివరికి ఆ గీతలన్నీ కలిపితే పుచ్చు ఎంతమేర పాకిందో ఎవరికైనా కనిపిస్తుంది. జడ్జి గారు ఫైబర్ బోటు ఎక్కి ఉండకపోవచ్చు, ఆ తేడా మాత్రం చెవిన పడితే చాలు. ఊడి వచ్చిన చెక్కను మూసిన కవర్లో పెట్టి, తేదీ వేసి, చూసిన ఇద్దరితో సంతకాలు చేయించండి. రంధ్రం వేసి లోపలి పొట్టు తీయడం, తేమ మీటరు పెట్టడం మాత్రం మీరు చేయకండి, అది నిపుణుడి పని. పుచ్చు పలకతో ఆగిందా, అడుగున ఉన్న నిలువు దిమ్మెల దాకా, లోపలి ఫోమ్ దాకా నీరు చేరిందా అన్నది కూడా ఆయన రాయాలి. ఫోమ్ నీళ్లు తాగి ఉంటే మీ ఖర్చు లెక్కే మారిపోతుంది.

వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. ఇంకొకరి ఫోన్‌కి ఫార్వర్డ్ చేసి పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు.

ఆ తర్వాత ఈ వారంలోనే లాయరు నోటీసు పంపండి. లోపం ఎప్పుడు, ఎలా తెలిసింది, ఆయన ఏ మాట చెప్పాడు అన్నవి రాసి, ఒక తేదీ ఇచ్చి, తన మనిషితో వచ్చి బోటు చూసుకోమని పిలవండి. రాకపోతే మీ సర్వేయరుతో (బోట్లు పరీక్షించే నిపుణుడితో) చూపించి పని మొదలుపెడతామని రాయండి. అప్పుడు ‘నాకు చూసే అవకాశమే ఇవ్వలేదు’ అనే నోరు మూతపడుతుంది. తిరిగి ఇచ్చేయాలనుకుంటే తిరస్కరిస్తున్నామని రాస్తే చాలు, వస్తువుల విక్రయ చట్టం 43వ సెక్షన్ ప్రకారం బోటును ఆయన ఇంటికి మోసుకెళ్లి అప్పగించాల్సిన బాధ్యత మీది కాదు.

అమ్మినాయన వ్యాపారే అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. బోటుతో సంపాదిస్తున్నారు కాబట్టి మీరు వినియోగదారులు కాదని ఆయన అంటాడు. కేవలం స్వయం ఉపాధితో బతకడానికి కొన్న సరుకు వాణిజ్య అవసరం కిందికి రాదని 2019 చట్టమే చెబుతోంది. మీరు, తమ్ముడు స్వయంగా వేటకు వెళ్తారు కాబట్టి ఆ వివరణ మీకు సరిపోతుంది. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఉండే చోటే వేయొచ్చు. ఆయన మామూలు మనిషైతే సివిల్ కోర్టే గతి. అక్కడ మూడేళ్ల గడువు. మోసం విషయంలో అది తెలిసిన నాటి నుంచి లెక్క. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ కింద కోర్టు తరఫున ఒక కమిషనర్‌ను పంపించి బోటు చూడమని కోరే వీలూ ఉంది.

చీటింగ్ కేసు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు మీ చుట్టూ ఉంటారు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితే భారతీయ న్యాయ సంహిత 318 ఉంది గానీ, డబ్బు రాబట్టడానికి పోలీస్ స్టేషన్‌ను వాడుకోవడం నాకు నచ్చదు, కోర్టులకూ నచ్చదు.

తిరిగి ఇవ్వాలా, ఉంచుకోవాలా? నా మాట అడిగితే, మీ పరిస్థితిలో ఉంచుకుని ఖర్చు రాబట్టుకోవడమే మేలు. తిరిగి ఇస్తానని కేసు వేస్తే అది తేలేదాకా బోటు ఒడ్డునే ఎండుతుంది, మీ పొట్టా ఎండుతుంది. పైగా చేతిలో ఉన్న మార్గంతో నష్టాన్ని తగ్గించుకున్నారా లేదా అన్నది కూడా కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చూస్తుంది. నిపుణుడు అడుగు దిమ్మెలు కూడా పోయాయని రాస్తే మాత్రం నా సలహా తిరగబడుతుంది. బోటు విలువను మించి రిపేరు ఎందుకు, రద్దే అడగండి.

ఉంచుకునేట్టయితే ఇద్దరు మేస్త్రుల దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. పలక, ఫైబర్ మ్యాట్, రెసిన్, కూలి విడివిడిగా ఉండాలి. ఇదే అదనుగా పెద్ద ఇంజనుకు సరిపడేలా పలక మందం పెంచితే ఆ అదనం మీ ఖర్చే. కోసిన పాత చెక్క పారేయకండి, కేసు తేలేదాకా దాచండి. ఏ రెసిన్ వాడారో బిల్లు మీద రాయించండి. ఎపాక్సీ అనే రకం రెసిన్ మీద మామూలు జెల్‌కోట్ సరిగా పట్టదు. ఆరు నెలల్లో పెచ్చులూడితే ‘మీ మేస్త్రి చెడగొట్టాడు’ అని అమ్మినాయన దాన్నే పట్టుకుంటాడు.

రిజిస్ట్రేషన్ మీ పేరుకు మారిందా? ఇన్సూరెన్స్ ఉందా? బోటు సముద్రంలోకి వెళ్లే స్థితిలో లేదని మీరే నోటీసులో రాసి, అదే బోటులో వేటకు వెళ్లి ఏదైనా జరిగితే, ఆ నోటీసునే కంపెనీ మీ ముందు పెడుతుంది. తెలిసి తెలిసి పనికిరాని స్థితిలో పంపితే, దానివల్ల జరిగిన నష్టానికి బీమాదారు బాధ్యుడు కాడని 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి పలక పని పూర్తయ్యేదాకా ‘దగ్గరే కదా, ఒక్క ట్రిప్పు’ అని కూడా ఆ బోటు తీయకండి.