ప్లేటు చూసి చెబుతా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో నా సోల్ రికార్డుల అలమర ఫోటో వేశారు. అప్పటినుంచీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. సోల్ అంటే నల్లజాతివాళ్ల చర్చి పాట, వాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ అనే పాటల బాణీ కలిసి 1950ల చివర, 60లలో రూపు కట్టిన సంగీతం. నేను బెజవాడ నుంచి డెట్రాయిట్ దగ్గరికి కార్ల ఉద్యోగానికి వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒక నల్లజాతి పెద్దాయన ఈ పిచ్చి అంటించాడు. ఈ కింద చెప్పేవి సగం ఆయన నేర్పినవే.

ప్రశ్న: మిషిగన్‌లోని కాంటన్‌లో పాత ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో పాతవాళ్లు వదిలేసిన అట్టపెట్టెలో నలభై దాకా ఎల్పీలు ఉన్నాయి. మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్', టెంప్టేషన్స్, స్టీవీ వండర్ పేర్లు కనిపించాయి. ఇవి ఒరిజినల్ అవునో కాదో ఎలా తెలుస్తుంది? డబ్బులేమైనా వస్తాయా?

జవాబు: ముందు ఆ పెట్టెను సిమెంటు నేల మీద నుంచి పైకి తీసుకురండి. మన బేస్‌మెంట్ల చెమ్మకు అట్టలు బూజు పడతాయి. రికార్డుల్ని పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగుతాయి.

ఇక డబ్బుల మాట. 'వాట్స్ గోయింగ్ ఆన్' 1971 మేలో వచ్చింది. విపరీతంగా అమ్ముడైంది కాబట్టి అదేమీ దొరకని వస్తువు కాదు. శుభ్రంగా ఉన్న ప్రతి మాత్రం దొరకడం కష్టం. సోల్ రికార్డుల్ని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చుని వినలేదు. శనివారం రాత్రి ఇంట్లో పదిమందిని పిలిచి, సోఫాలు గోడకు జరిపి, డాన్సులు చేశారు. అయిదారు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే వాటంతటవే పడే ఛేంజర్లు ఉండేవి. ముల్లు ఎగరకుండా దాని నెత్తిన ఒక సెంటు నాణెం అతికించేవాళ్లు. అట్టకు పెద్దవాళ్ల కాఫీ కప్పు మరక, ప్లేటుకు పిల్లల వేలిముద్ర. మన 'అరిగిపోయిన రికార్డు' సామెత ఈ రికార్డులకు అక్షరాలా సరిపోతుంది. అందుకే ప్లేటు వయసు అడగను, అది ఎవరింట్లో ఎలా తిరిగిందో చూస్తాను.

ఒరిజినల్ సంగతికొస్తే, లేబుల్ మీద 'మోటౌన్' అని లేదని కంగారు పడొద్దు. డెట్రాయిట్‌లో పుట్టిన ఆ రికార్డు కంపెనీకి చాలా లేబుళ్లు, అంటే బ్రాండ్ పేర్లు, ఉండేవి. మార్విన్ గే, స్టీవీ వండర్ టామ్లా మీద, టెంప్టేషన్స్ గోర్డీ మీద వచ్చారు. మీ మార్విన్ గే నంబరు టి.ఎస్. 310 ఉండాలి. అట్ట పుస్తకంలా తెరుచుకోవాలి. లోపల వాయిద్యకారుల పేర్లున్నాయో చూడండి. అంతకుముందు మోటౌన్ ఎల్పీల మీద వాళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు. బేస్ గిటార్ జేమ్స్ జేమర్సన్ ఎన్ని హిట్లకు వాయించాడో లెక్కలేదు, ఆయన పేరు కూడా ఈ అట్ట మీదే అచ్చయింది. నాకు ఈ అట్ట ఇష్టం కావడానికి అదొక కారణం. వెనక బార్‌కోడ్ ఉంటే మాత్రం అది 1971 ప్రతి కాదు, తర్వాత మళ్లీ వేసింది. రికార్డుల మీద బార్‌కోడ్లు 1970ల ఆఖరుకు గానీ రాలేదు. రికార్డు క్లబ్ పేరున్న ప్రతులు కూడా ఉంటాయి. అవి చందాదారులకు పోస్టులో పంపినవి, ధర తక్కువ. అట్ట మూల కత్తిరించి ఉంటే బాధపడకండి. అమ్ముడుపోని సరుకును తగ్గింపు ధరకు వదిలేటప్పుడు అలా కోసేవాళ్లు, లోపలి ప్లేటుకు దానితో సంబంధం లేదు.

అసలు చూడాల్సిన చోటు వేరే ఉంది. ఆఖరి పాట అయ్యాక లేబుల్ చుట్టూ నున్నటి ఖాళీ ఉంటుంది. దాన్ని డెడ్ వాక్స్ అంటారు. దీపం కింద వాలుగా పట్టుకుంటే సన్నగా గీసిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం చూడండి, అలాంటివే. ప్లేటు అచ్చు ఎక్కడ తయారైందో, ఎన్నోసారి కోశారో ఆ రాతను బట్టి తెలుస్తుంది. అట్టలు మారిపోవచ్చు. పార్టీ అయ్యాక ఎవరి ప్లేటు ఎవరి అట్టలోకి వెళ్లిందో ఎవరు చూశారు? డెడ్ వాక్స్ మారదు. చివరి అంకె 1 ఉంటేనే తొలి ముద్రణ అని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. ఒకే నెలలో రెండు మూడు ఊళ్లలో వేర్వేరు అచ్చులతో ప్లేట్లు తీసేవాళ్లు.

స్టీవీ వండర్‌ది 'సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్' (1976) అయితే లెక్క చూసుకోండి. రెండు ఎల్పీలు, నాలుగు పాటలున్న ఏడంగుళాల చిన్న ప్లేటు, 24 పేజీల పుస్తకం ఉండాలి. చిన్న ప్లేటు చాలా సెట్లలో ఉండదు. నా మొదటి సెట్టులోనూ లేదు. అది లేకపోతే ధర బాగా పడిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 'వెరీ గుడ్' అని రాసిన సోల్ రికార్డు కొన్నాను. వేస్తే చిటపటలే. మోసపోయానా? (ఆల్ఫరెట్టా, జార్జియా)

జవాబు: అమ్మినవాడు అబద్ధం ఆడలేదండీ. ఇక్కడి గ్రేడింగ్ భాషే అంత. పైన మింట్, దాని కింద నియర్ మింట్, తర్వాత వెరీ గుడ్ ప్లస్. మీ వెరీ గుడ్ ఆ తర్వాతది. అంటే రొద వినిపిస్తుంది, అయినా పాట వినొచ్చు అని. ఇంకా కిందున్న 'గుడ్' అయితే గుడ్డిగా కొనేయకండి, అది గోడకు తగిలించుకోవడానికే.

నాకూ తగిలింది దెబ్బ. ఒహాయోలో ఒకతని దగ్గర అల్ గ్రీన్ 'కాల్ మీ' (1973) 28 డాలర్లు పెట్టి కొన్నాను. ప్లేటు అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు. ఇంటికొచ్చి వేస్తే, ఆయన అంత మెత్తగా పాడుతున్నా 'స' పలికిన చోటల్లా కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్‌మంటోంది. అరిగిన ముల్లుతో ఏళ్ల తరబడి వేసి గాళ్లు కోసేశారు. అది కంటికి కనపడదు. కడిగినా పోదు. అందుకే ఇప్పుడు అమ్మేవాళ్లను ఒకటే అడుగుతాను: 'చూసి గ్రేడ్ ఇచ్చారా, విని ఇచ్చారా?' వినే వీలుంటే ప్రతి ముఖంలో చివరి పాట పెట్టించుకోండి. లోపలికి పోయేకొద్దీ ముల్లు కింద గాడి నెమ్మదిగా నడుస్తుంది, అరుగుదల అక్కడే బయటపడుతుంది. గీత ఉంటే గోటితో మెల్లగా తడిమి చూడండి. గోరు తట్టుకుంటే 'టక్' మనడం ఖాయం. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. టక్కులు ఆ లెక్కన వస్తుంటే అది దుమ్ము కాదు, గీతే.

నా పరీక్ష ప్లేటు ఐజాక్ హేస్ 'హాట్ బటర్డ్ సోల్' (1969). మొత్తం నాలుగే పాటలు. రెండో ముఖంలో చివరిది పద్దెనిమిది నిమిషాల పైనే. అందులో మొదటి ఎనిమిది నిమిషాలు ఆయన పాడడు. ఆర్గన్ ఒకే స్వరం పట్టుకుని ఉంటే, హరిదాసు పిట్టకథ ఎత్తుకున్నట్టు కబుర్లు చెబుతాడు. అంత నెమ్మదిలో చీమ నడిచినా వినిపిస్తుంది. అక్కడ నిశ్శబ్దంగా ఉన్న ప్రతి దొరికితే బేరం ఆడకండి. నాకు నాలుగో ప్రయత్నానికి దొరికింది. మిగతా మూడూ ఇప్పటికీ అలమరలోనే ఉన్నాయి. మా ఆవిడ ప్రశ్న కూడా అలాగే ఉంది.

ప్రశ్న: మా మామయ్య మర్చంట్ నేవీలో ఉండగా లండన్‌లో కొన్న ఓటిస్ రెడ్డింగ్ 'ఓటిస్ బ్లూ' నా దగ్గరుంది. లేబుల్ మీద 'అట్లాంటిక్' అని ఉంది. ఫోన్‌లో వెతికితే 'వోల్ట్' అని వస్తోంది. ఇది నకిలీనా? అట్ట మీద మామయ్య సిరాతో పేరు రాసుకున్నారు, తుడిపేయనా? (గుంటూరు)

జవాబు: పేరు తుడపకండి. సంతకం వల్ల ధర కొంచెం తగ్గుతుంది, రుద్దితే అట్టే పోతుంది. పైగా ఆ ప్లేటు గుంటూరు ఎలా చేరిందో చెప్పేది ఆ సంతకమే.

నకిలీ ఏమీ కాదు. వోల్ట్ అనేది మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీ రెండో లేబుల్. ఆ రికార్డుల్ని పంపిణీ చేసింది న్యూయార్క్‌లోని అట్లాంటిక్ కంపెనీ. 1965లో వచ్చిన ఈ ఆల్బమ్ అమెరికాలో వోల్ట్ పేరుతో, ఇంగ్లండులో అట్లాంటిక్ పేరుతో వెలువడింది. అమెరికాలోనే, అట్లాంటిక్ వాళ్లదే అయిన 'ఆట్కో' లేబుల్‌తో కనిపిస్తే మాత్రం తర్వాతి ముద్రణ. దాని వెనక పెద్ద కథే ఉంది. 1967 డిసెంబరు 10న ఓటిస్ విమాన ప్రమాదంలో పోయాడు. ఇరవయ్యారేళ్లు. మరుసటి ఏడు స్టాక్స్‌కు అట్లాంటిక్‌తో తెగతెంపులయ్యాయి. కాగితాలు తీసి చూస్తే అప్పటిదాకా వాళ్లు పంపిణీ చేసిన పాటల టేపుల మీద హక్కులు అట్లాంటిక్‌వే. స్టాక్స్ యజమాని జిమ్ స్టీవార్ట్ సరిగ్గా చదవకుండా సంతకం పెట్టాడు. చేతిలో పాత పాటల్లేక, 1969లో స్టాక్స్ ఒక్క ఊపున 27 ఆల్బమ్‌లు తెచ్చింది. ఇందాక చెప్పిన ఐజాక్ హేస్‌ది వాటిలోదే.

అన్నట్టు, బెజవాడలో మా స్నేహితుడు ఇప్పటికీ 'మీ ఓటిస్ రెడ్డిగారు ఎలా ఉన్నారు' అని అడుగుతాడు.

మీ ప్లేటును అటక మీద మాత్రం పెట్టకండి. మే నెల గుంటూరు ఎండ చాలు దాని ప్రాణం తీయడానికి. జులైలో ఒక మధ్యాహ్నం కారు డిక్కీలో మరిచిపోయిన నా టెంప్టేషన్స్ ప్లేటు వేగిన అప్పడంలా బయటికొచ్చింది. రెండు అద్దాల మధ్య పెట్టి వేడి చేస్తే సర్దుకుంటుందని ఎవరో చెప్పారు. ప్లేటు చదునైంది, పాట పోయింది. బీరువా కింది అరలో నిలబెట్టండి.

ప్రశ్న: పాత ఎల్పీలను సర్ఫ్ నీళ్లలో కడగొచ్చా? (రాజమండ్రి)

జవాబు: వద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు ద్రవం చాలు. మెత్తటి గుడ్డతో గాడి తిరిగే దిక్కునే తుడవండి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. మళ్లీ ఉట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. బోరు నీళ్లు వాడితే గాళ్లలో ఉప్పు మిగులుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి నా పుట్టినరోజుకు సూట్‌కేస్ లాంటి రికార్డ్ ప్లేయర్ కొనిచ్చింది. ముద్దుగా ఉంది. మా ఆయనేమో రికార్డులు పాడవుతాయని టెన్షన్ పడుతున్నారు. (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: ఆయన భయంలో కొంత నిజం ఉందమ్మా. మంచి ప్లేయర్‌లో ముల్లు రెండు గ్రాముల బరువుతో నడుస్తుంది. సూట్‌కేస్ రకాల్లో చాలావాటికి అది అయిదు గ్రాముల దాకా ఉంటుంది, తగ్గించే వీలూ ఉండదు. ఒకసారి వేస్తే ఏమీ కాదు, రోజూ వేస్తే అరుగుతుంది. అమ్మాయి మనసు నొప్పించకుండా దాని మీద షాపుల్లో డాలరుకొకటి అమ్మే పెట్టెలోని ప్లేట్లు వేసుకోండి. సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్‌ది ఖరీదైన ప్లేటు ఏదైనా చేతికొస్తే, మీ ఆయన్ని మంచి ప్లేయర్ కొనమనడానికి అదే సాకు.