కెమెరా బ్యాగు: ట్యాగు చూడకండి, లోపల కొలవండి

ప్రశ్న: పెళ్ళిళ్ళకు రెండో ఫొటోగ్రాఫర్‌గా వెళ్తుంటాను. సోనీ ఏ7 ఫోర్ బాడీ (లెన్సు లేని కెమెరా), 24-70, 70-200 మి.మీ. లెన్సులు (రెండూ సోనీ జీఎం టూ రకం), ఒక ఫ్లాష్ ఉన్నాయి. షాపులో ‘1 బాడీ, 4 లెన్సులు’ అని రాసున్న షోల్డర్ బ్యాగు చూపించారు. సరిపోతుందా?

జవాబు: ఆ లెక్క నమ్మకండి. కెమెరాతోపాటు వచ్చే చిన్న కిట్ లెన్సులైతేనే అది కుదురుతుంది. మీ 70-200 ఒక్కటే 20 సెం.మీ. పొడవు, 8.8 సెం.మీ. లావు. మూతలు పెట్టి, హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టంలాంటి తొడుగు) తిరగేసి బిగిస్తే ఇంకాస్త పెరుగుతుంది. నిలబెట్టాలంటే లోపల 23 సెం.మీ. లోతు ఉండాలి, షోల్డర్ బ్యాగుల్లో అంత లోతు తక్కువ. అడుగున పడుకోబెట్టారంటే, పైనున్నవన్నీ తీస్తే గానీ అది చేతికి రాదు. అప్పటికి తలంబ్రాలు అయిపోతాయి! పైగా ట్యాగు మీద చాలాసార్లు బయటి కొలతలే ఉంటాయి. రెండు పక్కలా ఫోమ్ మందం కలిపితే రెండు మూడు సెం.మీ. పోయినట్టే. అందుకే సామాను షాపుకే పట్టుకెళ్ళండి. బాడీకి 24-70 తగిలించే ఉంచి, అన్నీ సర్ది జిప్పు వేయండి. మూత నొక్కిపట్టి లాగాల్సివస్తే ఆ సైజు వద్దు. అలా నొక్కితే భారం లెన్సు మౌంటు (లెన్సు బాడీకి బిగుసుకునే చోటు) మీద పడుతుంది, మూలల దగ్గర జిప్పు పళ్ళు ముందుగా విడిపోతాయి.

ఇక బరువు. బాడీ 658 గ్రాములు, లెన్సులు 695, 1045, ఇక్కడికే 2.4 కిలోలు. ఫ్లాష్, బ్యాటరీలు, ఖాళీ బ్యాగు బరువు కూడా కలిపితే నాలుగు కిలోలు దాటుతుంది. పట్టీ కనీసం 5 సెం.మీ. వెడల్పుండాలి, ఒంటికి అడ్డంగా వేసుకునేంత పొడవుండాలి. తెగేది సాధారణంగా పట్టీ కాదు. దాని చివరి ప్లాస్టిక్ కొక్కెం, లేదా పట్టీ బ్యాగుకు కలిసేచోటి కుట్టు. అక్కడ చతురస్రంలో ఇంటూ గుర్తులా కుట్టి ఉండాలి. కుట్టుకు అటూ ఇటూ గుడ్డ పట్టుకుని గట్టిగా లాగండి. సూది రంధ్రాలు నోళ్ళు తెరిస్తే పక్కన పెట్టేయండి. మూత ఒంటివైపు కాకుండా అవతలికి తెరుచుకునేదైతే చెయ్యి సులువుగా వెళ్తుంది.

ప్రశ్న: నాలుగేళ్ళ నాటి బ్యాగు లోపలి పూత జిగురుగా మారి పొట్టులా రాలుతోంది. ఉతికితే పోతుందా?

జవాబు: పోదు. అది పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. చెమ్మకూ వేడికీ విరిగిపోతుంది, మళ్ళీ అతకదు. ఆ పొట్టు కెమెరా లోపల ఫొటోను పట్టే సెన్సర్ మీదికి చేరకముందే బ్యాగు మార్చండి. అరల ఫోమ్ ముక్కలు బాగుంటే కొత్తదాంట్లో వాడుకోవచ్చు. వానాకాలంలో లెన్సుల్ని బ్యాగులోనే వదిలేయకండి: ఫోమ్ చెమ్మను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు అంతకన్నా ఏం కావాలి? గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో (తేమను పీల్చే గింజలు) పెట్టండి, లోపల తేమ 40-50 శాతం ఉంటే చాలు. నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే, వంటకు వాడని మూకుట్లో సన్న సెగ మీద మళ్ళీ నీలం వచ్చేదాకా వేడిచేయండి.