ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన డేటాను అందరికీ ఇవ్వాల్సిందేనా?

హైదరాబాద్‌లో రోగులపై అధ్యయనం, డబ్బులో కొంత విదేశీ గ్రాంటు. డేటా బయట పెట్టాలా అన్నది ప్రశ్న.

చాలావరకు పెట్టాలి. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి 2007లో దీనిపై మార్గదర్శకాలు ప్రచురించింది, 2021లో తన సిఫార్సును సవరించి సాఫ్ట్‌వేర్‌నూ చేర్చింది. భారత్ అందులో సభ్యదేశం కాదు. 2021 నవంబరు నాటి యునెస్కో ఓపెన్ సైన్స్ (పరిశోధనను అందరికీ అందుబాటులో ఉంచడం) సిఫార్సు మనకూ వర్తిస్తుంది, అయితే అదీ చట్టం కాదు. మిమ్మల్ని నిజంగా కట్టేసేది గ్రాంటు ఒప్పందమే, ముందు అది చదవండి. ఉదాహరణకు, వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2023 జనవరి 25 నుంచి దరఖాస్తుతోపాటే డేటా ప్రణాళిక అడుగుతోంది. పేపరు అచ్చయ్యేసరికి లేదా గ్రాంటు ముగిసేసరికి, ఏది ముందైతే అప్పటికి డేటా ఇవ్వాలి.

అసలు చిక్కు రోగుల వివరాల దగ్గరే. పేర్లు తీసేస్తే సరిపోదు. వయసు 43, తార్నాక పిన్‌కోడ్, అరుదైన జబ్బు: ఈ మూడూ ఒకే వరుసలో ఉంటే ఆ మనిషెవరో తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. వయసును 40–44గా, పిన్‌కోడ్‌ను జిల్లాగా మార్చండి. అప్పటికీ గుర్తుపట్టేలా ఉంటే అనుమతి తీసుకున్నవారికే ఇచ్చే రిపాజిటరీలో (ఆన్‌లైన్ డేటా నిల్వలో) పెట్టండి. డేటా పంచుకుంటామన్న మాట సమ్మతి పత్రంలో మొదటి రోజు నుంచే ఉండాలి, తర్వాత రోగులందరినీ వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ఫైలును సీఎస్‌వీగా (ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే సాదా టెక్స్ట్ పట్టికగా) ఇచ్చి, ప్రతి కాలమ్‌కూ అర్థం, కొలమానం రీడ్‌మీ అనే వివరణ ఫైలులో రాయండి. ఎక్సెల్‌తో జాగ్రత్త: సెప్ట్2 అనే జన్యువు పేరును అది సెప్టెంబరు 2 అనుకుని తేదీగా మార్చేసేది. ఇలాంటి తప్పుల వల్లే దాని అధికారిక పేరును సెప్టిన్2గా మార్చారు. పాత పేర్లున్న పట్టికలైతే జన్యువుల పేర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకున్నాకే దిగుమతి చేయండి.