దెయ్యాల కన్నా ముందు బొగ్గును చూడండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతోంది. డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్'లో సెట్టింగ్, సింబల్, థీమ్ గురించి రాయమంటారట. గైడులో నిర్వచనాలన్నీ బట్టీ పట్టింది గానీ కథలో అవి ఎక్కడున్నాయో చెప్పమంటే టెన్షన్ పడుతోంది. నేనూ చదివాను. పిసినారి ముసలాయన, దెయ్యాలు, తెల్లారేసరికి మనిషి మారిపోవడం. ఇందులో అంత వెతకడానికి ఏముందండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలా ఉందండీ. గైడు పక్కన పెట్టి, మొదటి అధ్యాయంలో బొగ్గు గురించి ఉన్న రెండు మూడు వాక్యాలు మళ్లీ చదవమనండి. లండన్‌లో క్రిస్మస్ ముందు రోజు, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయింది, పొగమంచు తాళం కన్నంలోంచి కూడా లోపలికొస్తోంది. మీరన్న ఆ పిసినారి ముసలాయన స్క్రూజ్ గదిలో ఉన్నదే చిన్న మంట, గుమాస్తా బాబ్ క్రాచిట్ దగ్గరున్నది ఇంకా చిన్నది, ఒక్కటే బొగ్గు ముక్కేమో అనిపించేంత. ఇంకాస్త వేసుకుందామంటే బొగ్గుల పెట్టె స్క్రూజ్ గదిలో ఉంటుంది, పార పట్టుకుని అక్కడికి వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే అతను మఫ్లర్ చుట్టుకుని కొవ్వొత్తి దగ్గర చలి కాచుకోవాలని చూస్తాడు. సెట్టింగ్, అంటే కథ జరిగే చోటు, కాలం, అక్కడే ఉంది, స్క్రూజ్ ఎలాంటివాడో అక్కడే ఉంది, చలి దేనికి సింబలో కూడా అక్కడే ఉంది. ఇక చివరి అధ్యాయానికి వెళ్లండి. మారిన స్క్రూజ్ జీతం పెంచుతానని చెప్పి, ఇంకో అక్షరం మీద చుక్క పెట్టేలోపే వెళ్లి బొగ్గుల తొట్టి కొనుక్కురా అంటాడు. మనిషి మారాడని డికెన్స్ ఉపన్యాసం ఇవ్వక్కర్లేకపోయింది, బొగ్గుతోనే చెప్పేశాడు.

థీమ్, అంటే కథ అసలు చెప్పదలచిన విషయం కోసం స్క్రూజ్ మాటల వెంట పడాలి. పేదల కోసం చందా అడగడానికి వచ్చినవాళ్లతో అతను జైళ్లు లేవా, వర్క్‌హౌసులు (దిక్కులేని పేదలతో పని చేయించుకుని తిండి, నీడ ఇచ్చే చోట్లు) లేవా అంటాడు, వాటిలో చేరడం కన్నా చావే మేలనుకునేవాళ్లు చస్తే అధిక జనాభా తగ్గుతుందంటాడు. ఇది అతని ఒక్కడి నోటి దురుసు కాదు. జనాభా తిండి కన్నా వేగంగా పెరుగుతుందని ఆర్థికవేత్త మాల్థస్ చెప్పిన సిద్ధాంతం, సాయం కావాలంటే వర్క్‌హౌసులో చేరాలన్న 1834 నాటి పేదల చట్టం అప్పటి ఇంగ్లండ్‌లో చాలామంది పెద్దమనుషుల చేత ఇలాగే మాట్లాడించాయి. 1824లో తండ్రి అప్పుల పాలై మార్షల్‌సీ జైలుకు వెళ్తే పన్నెండేళ్ల వయసులో బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటించిన డికెన్స్‌కు ఆ మాటలు ఎంత మండించి ఉంటాయో ఆలోచించండి. మూడో అధ్యాయంలో, జబ్బు పిల్లాడు టైనీ టిమ్ బతుకుతాడా అని స్క్రూజ్ అడిగినప్పుడు, ఆ అధిక జనాభా మాటనే రెండో దెయ్యం తిరిగి అతనికి వినిపిస్తుంది. ఆ అధ్యాయం చివర దెయ్యం అంగీ కింద నుంచి అజ్ఞానం, లేమి అనే ఇద్దరు పిల్లలు బక్కచిక్కి బయటికొస్తారు. వీళ్లకు దిక్కెవరూ లేరా అంటే మళ్లీ అదే జవాబు: జైళ్లు లేవా? ఈ కథలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే, చివరి దెయ్యం స్క్రూజ్‌కు అతని సమాధి చూపించే సీను కాదు.

ఇంకొకటి. మలుపు సమాధి దగ్గరేనని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. మొదటి దెయ్యం స్క్రూజ్‌ను అతని పాత యజమాని ఫెజ్జివిగ్ ఇచ్చిన విందుకు తీసుకెళ్తుంది. ఏదో నాలుగు పౌండ్లు ఖర్చుపెట్టాడు, అంత పొగడ్త దేనికి అని దెయ్యం కావాలనే కవ్విస్తే, ఆయన పంచిన ఆనందం ఓ ఆస్తి ఖర్చుపెట్టినంత విలువైనదని స్క్రూజే వాదిస్తాడు, ఠక్కున ఆగిపోతాడు, మా గుమాస్తాతో ఒక్క మాట మాట్లాడాలనుందంటాడు. మార్పు అక్కడ మొదలైంది. పరీక్షలో మీ అమ్మాయిని ఇది రాయమనండి, మిగతా పేపర్లలో కనిపించని పాయింట్ అవుతుంది.

ప్రశ్న: ఇంతకీ అవి నిజం దెయ్యాలా, స్క్రూజ్‌కు వచ్చిన కలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కలేనని తేల్చేయడానికి డికెన్స్ ఒప్పుకోడు. స్క్రూజ్ వ్యాపార భాగస్వామి మార్లే చనిపోయాడన్న మాటతోనే కథ మొదలుపెడతాడు, అది నమ్మకపోతే తర్వాత చెప్పేదాంట్లో వింతే ఉండదని పాఠకుడికి నేరుగా చెప్తాడు. మార్లే దెయ్యం ఎదురుగా నిలబడితే అరగని మాంసం ముక్క వల్లే ఇలా కనిపిస్తున్నావని దబాయించేది స్క్రూజ్, కథకుడు కాదు. ఆ దెయ్యం ఈడ్చుకొచ్చిన గొలుసు కూడా చూడండి, డబ్బు పెట్టెలు, తాళాలు, లెక్కల పుస్తకాలు, దస్తావేజులు. బతికున్నప్పుడు అతను తయారు చేసుకున్నవే అన్నీ. నీ గొలుసు ఏడేళ్ల క్రితమే ఇంత బరువుంది, అప్పటినుంచి ఇంకా పెంచావని స్క్రూజ్‌కు చెప్తుంది. రాబోయేదంతా ఆ ఒక్క మాటలో ముందే ఉంది.