చోక్ తీస్తే ఆగిపోయే పాత ఏటీవీ: కార్బురేటర్ మార్చాలా, కడిగితే చాలా?

ప్రశ్న: ఒహాయోలో ఊరి బయట మూడెకరాల స్థలంతో ఇల్లు తీసుకున్నాం. చలికాలంలో మంచు తోయడానికి, మిగతా రోజుల్లో చెత్తాచెదారం లాగడానికి 2005 నాటి హోండా రాంచర్ 350 ఏటీవీ (మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. చోక్ లాగితే స్టార్ట్ అవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. షాపులో కార్బురేటరే మార్చాలంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పినవి పైలట్ జెట్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ లోపల ఉండే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క) పూడుకుపోయిన లక్షణాలు. ఇంజిన్ స్లోగా తిరిగేటప్పుడు పెట్రోలంతా ఆ జెట్ లోంచే రావాలి. దాని మీద 40 అని ఉంటే రంధ్రం సుమారు 0.40 మిల్లీమీటర్లన్నమాట. చోక్ వేసినప్పుడు పెట్రోలు వాటా పెరుగుతుంది కాబట్టి జెట్ మూసుకుపోయినా బండి నడుస్తుంది, తీయగానే చచ్చిపోతుంది.

ఇండియాలో 2020లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. ఈమధ్య అమెరికా వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది కార్బురేటర్ విప్పడం చూసి ఉండరు. పాత స్ప్లెండర్ పెట్రోలు ట్యాపు గుర్తున్నవాళ్ళకి మాత్రం ఇదేం కొత్త కాదు: ఆన్, ఆఫ్, రిజర్వ్.

జెట్ ఎందుకు పూడుతుందంటే, అమెరికాలో మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోని తేలిక భాగం ఆవిరైపోయి అడుగున జిగురు మిగులుతుంది. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, దాంతో అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇత్తడి మీద పచ్చటి చిలుము పడతాయి.

విప్పే ముందు పది నిమిషాల పని ఉంది. గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ కింద గాజు సీసా పెట్టి, ట్యాపు ఆన్ చేసి స్క్రూ వదులు చేయండి. ధార ఆగకుండా రావాలి. కాసేపు వచ్చి సన్నబడితే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. అప్పుడు ధార పుంజుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు, లేకపోతే ట్యాపు లోపలి జల్లెడ పూడినట్టు. పెట్రోల్లో నీళ్ళుంటే సీసాలో బొట్లుగా అడుగుకి దిగుతాయి. పెట్రోలు గోధుమరంగుకి తిరిగి వార్నిష్ వాసనేస్తుంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా వాసన చూడండి. లెవెల్ పెరిగి పెట్రోలు వాసన వస్తోందంటే గిన్నె నిండగానే పెట్రోలుని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ కారి పెట్రోలు ఇంజిన్ లోకి దిగింది. ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయకండి, పలచబడ్డ ఆయిల్ బేరింగులని తినేస్తుంది.

గరాజ్ విషయం కొత్తవాళ్ళకి తెలియదు. చాలా ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, కొన్నింట్లో చిన్న పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి నేల వెంట పాకి దాన్ని చేరుతుంది. పని బయట డ్రైవ్‌వేలో పెట్టుకోండి, అదీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. కంటికి అద్దాలు తప్పనిసరి: కార్బురేటర్ క్లీనర్ స్ప్రే ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం లోంచి మొహం మీదికి వస్తుంది.

సీటు, ట్యాంకు కవరు, చెయ్యి పట్టకపోతే ట్యాంకు కూడా తీసి, ప్రతి పైపుకీ ఫొటో తీసుకున్నాకే ఊడదీయండి. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటుని వేళ్ళతో వంచి చూడండి. పగుళ్ళుంటే అక్కడ గాలి పీల్చి అచ్చం ఇవే లక్షణాలు చూపిస్తుంది, అప్పుడు జెట్‌ని ఎంత కడిగినా లాభం లేదు. గిన్నె స్క్రూలు చూడ్డానికి స్టార్ స్క్రూల్లాగే ఉన్నా అవి జపాన్ కొలత, జేఐఎస్. హోమ్ డిపోలో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తలలు అరిగిపోతాయి. జేఐఎస్ డ్రైవర్ ఒకటి తెప్పించుకోండి.

పైలట్ జెట్ ఇత్తడిది, మెత్తన. గాడిలో నిండుగా పట్టే డ్రైవర్‌తోనే తిప్పండి. తీశాక వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నిండు గుండ్రటి చుక్క కనిపించాలి. చంద్రవంకలా కనిపించినా పూడినట్టే. పక్క రంధ్రాలు కూడా చూడండి. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, కరెంటు వైరు లోని ఒంటి రాగి పోగుతో పొడవండి. 0.010 అంగుళాల గిటారు తీగ, అంటే పావు మిల్లీమీటరుది, అదీ పనికొస్తుంది. సూది, డ్రిల్ బిట్ మాత్రం వద్దు, రంధ్రం కాస్త పెద్దదైనా ఇక ఆ జెట్ పారేయాల్సిందే. మన మెకానిక్‌ల లాగా నోట్లో పెట్టి ఊదకండి.

జెట్ ఒక్కటే కడిగి బిగించేస్తే వారంలో మళ్ళీ మొదటికొస్తుంది, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. జెట్ కూర్చునే రంధ్రంలో క్లీనర్ కొట్టినప్పుడు త్రాటిల్ రేకు దగ్గరి సన్న రంధ్రాల్లోంచీ, ఫ్యూయల్ స్క్రూ రంధ్రం లోంచీ జోరుగా రావాలి. అందుకు ఇంజిన్ స్లోగా తిరిగేటప్పుడు పెట్రోలు మోతాదు సరిచేసే ఈ ఫ్యూయల్ స్క్రూ తీయక తప్పదు. హోండాలో దాని తల ఇంగ్లీషు 'డి' ఆకారంలో ఉంటుంది, దాని టూలు చవకే. ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ తగిలేదాకా ఎన్ని చుట్లో రాసుకోండి, బలంగా బిగిస్తే మొన విరుగుతుంది. తీసినప్పుడు స్ప్రింగు, వాషరు, ఓ-రింగు మూడూ రావాలి. ఓ-రింగు తరచుగా లోపలే ఉండిపోతుంది, వంచిన తీగతో లాగండి.

క్లీనర్ కొట్టేముందే రబ్బరు వస్తువులన్నీ తీసేయాలి. పై మూత కింద డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొర ఉంటుంది. దానికి క్లీనర్ తగిలితే ఉబ్బుతుంది, చిల్లి పడితే బొటనవేలితో త్రాటిల్ ఎంత నొక్కినా బండి సగానికి మించి లేవదు. తిరిగి పెట్టేటప్పుడు అంచు గాడిలో సరిగ్గా కూర్చోవాలి.

ఫ్లోట్ పిన్నుని సుత్తితో కొట్టకండి, దాన్ని పట్టుకునే స్తంభాలు విరిగితే కార్బురేటర్ పోయినట్టే. నీడిల్ మొనకి చుట్టూ గీత పడి ఉంటే కొత్తది వేయండి. బిగించాక డ్రెయిన్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి పైకెత్తి పట్టుకుని, ట్యాపు తిప్పి డ్రెయిన్ స్క్రూ వదలండి. పెట్రోలు గిన్నె జాయింటు దగ్గర గానీ కొంచెం కింద గానీ ఆగిపోవాలి. పైకి ఎక్కుతూనే ఉంటే నీడిల్ కారుతోంది.

ఫ్యూయల్ స్క్రూని మెల్లగా తగిలేదాకా బిగించి, రాసుకున్నన్ని చుట్లు వెనక్కి వదిలి, ఇంజిన్ పది నిమిషాలు వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఎక్కడ వేగంగా, నున్నగా తిరుగుతుందో అక్కడ ఆపండి. తర్వాత ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించుకోండి. త్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటే పెట్రోలు తక్కువైనట్టు. ఇంత చేసినా చోక్ తీస్తే ఆగిపోతుంటే మెకానిక్‌కి వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ చూపించాలి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకలు కార్బురేటర్ల జోలికి పోవద్దనే నా సలహా. వాటి జెట్ల కొలతలు మీ ఇంజిన్‌కి సరిపడతాయన్న భరోసా లేదు. పాత బాడీ లోపల తెల్లగా తినేసి గుంటలు పడితే తప్ప అసలు హోండాదే నయం. గాస్కెట్, ఓ-రింగులు, నీడిల్ కొంటే చాలు.

ఇక పెట్రోలు. 'అన్‌లెడెడ్ 88' అని రాసిన పంపు కొట్టించకండి. అందులో 15 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఏటీవీల్లో వాడడం నిషేధం, పంపు మీదే హెచ్చరిక ఉంటుంది. పడవలు ఆగే మెరీనాల్లో, కొన్ని పల్లెటూరి బంకుల్లో ఇథనాల్ లేనిది దొరుకుతుంది. నెలకి మించి ఆపేసేట్టయితే పెట్రోలు చెడకుండా కలిపే ఎర్ర రంగు స్టా-బిల్ రెండున్నర గ్యాలన్లకి ఒక ఔన్సు కలిపి, పది నిమిషాలు నడిపి, ట్యాపు మూసి గిన్నె ఖాళీ చేయండి. ట్యాంకు లోంచి తీసిన పాత పెట్రోల్ని డ్రెయిన్‌లో గానీ పెరట్లో గానీ పోయకూడదు. మూత బిగించిన ఎర్ర క్యాన్‌లో ఉంచి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజు ఎప్పుడో కనుక్కుని అక్కడ ఇచ్చేయండి. క్యాన్ తిరిగి ఇస్తారో లేదో ముందే అడగండి, కొన్నిచోట్ల ఇవ్వరు.