బూస్టర్ కొనే ముందు మీ ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో చూస్కోండి

మీ ప్రశ్న – మా జవాబు

ఈసారి సిగ్నల్ గురించే మస్తు ప్రశ్నలొచ్చినయ్, అందుకే కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నం.

ప్రశ్న: సార్, మాది హసన్‌పర్తి. రోడ్డు మీదికెళ్తే ఫుల్ సిగ్నల్, ఇంట్లకు రాంగనే ఒక్క గీత. చుట్టూ మూడంతస్తుల ఇండ్లు లేసినయ్, మాది కింది పోర్షన్. మా బిడ్డ ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తది, మీటింగ్ మధ్యల కట్ అయితుంటే స్లాబు మీదికెక్కి ఎండల నిలబడి మాట్లాడుతది. ఆన్‌లైన్‌ల మూడు వేల ఐదొందలకు ఒక బూస్టర్ చూసిన, 2జీ 3జీ 4జీ 5జీ అన్నిటికీ పనిచేస్తది అని రాసుంది. ఫోన్ల షాపాయనేమో ముందు మీ బ్యాండ్ ఏందో చూస్కో అన్నడు. అదెట్ల చూడాలె? బూస్టర్ తీస్కోవచ్చా?

జవాబు: అన్నా, షాపాయన మంచి మాట చెప్పిండు. బ్యాండ్ అంటే ఫోన్, టవర్ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీల ముక్క. దాని సంగతి చెప్పే ముందు ఇంకో ముఖ్యమైన మాట. మన దేశంలో మొబైల్ సిగ్నల్ బూస్టర్ గానీ రిపీటర్ గానీ లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీలు తప్ప వేరేవాళ్లు పెట్టుకోవద్దు, అమ్మొద్దు, దగ్గర ఉంచుకున్నా తప్పే. వైర్‌లెస్ పరికరానికి లైసెన్స్ కావాలన్న రూల్ 1933 చట్టం నాటి నుంచి ఉన్నదే, 2022 జులైలో టెలికాం శాఖ బూస్టర్ల గురించి మళ్లా గట్టిగ చెప్పింది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా అని కొంటే రేపు అధికారులు వచ్చినప్పుడు అమ్మినోడు మీ పక్కన నిలబడడు.

రూల్ అంత గట్టిగ ఎందుకుందో కూడా తెల్సుకోవాలె. బూస్టర్‌కు బయట ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా ఉంటయ్. రెండిటి మధ్య సరిపడ అడ్డు లేకపోతే లోపలిది వదిలిన సిగ్నల్‌ను బయటిది మళ్లా పట్టుకుంటది, అది ఇంకా పెంచుతది, ఫంక్షన్ హాల్లో మైకు స్పీకర్ ముందుకొచ్చినప్పుడు కుయ్యిమన్నట్టే అయితది. ఆ రొద టవర్ దాకా పోతది, టవర్ చెవులు మూసుకపోయినట్టయి మీ ఇంటితో పాటు ఆ సెక్టార్ కింద ఉన్న అందరి ఫోన్లూ ఇబ్బంది పడ్తయ్. అండ్ల అంబులెన్స్ కోసం ఫోన్ చేసేటోళ్లు కూడా ఉంటరు కదా.

మరి కొననప్పుడు బ్యాండ్ ఎందుకు చూడాలె అంటే, బ్యాండ్ తెలిస్తే అసలు రోగం ఏందో తెలుస్తది, చానాసార్లు బూస్టర్ ముచ్చటే అవసరం పడదు. మన తెలంగాణ, ఆంధ్ర రెండూ కలిపి టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒక్కటే సర్కిల్. ఈ సర్కిల్లో 4జీ కోసం జియో 850 (బ్యాండ్ 5), 1800 (బ్యాండ్ 3), 2300 (బ్యాండ్ 40) వాడ్తది. ఎయిర్‌టెల్ 900 (బ్యాండ్ 8), 1800, 2100 (బ్యాండ్ 1), 2300. వీఐ ఎక్కువగా 900, 1800, 2100. బీఎస్‌ఎన్‌ఎల్ కొత్త 4జీ 700 (బ్యాండ్ 28), 2100 మీద ఉంది. ఇవన్నీ మెగాహెర్ట్‌జ్‌లు. 5జీ అయితే ప్రైవేటు కంపెనీలవి ముఖ్యంగా 3300 పైన ఉండే ఎన్78, జియోకు దాంతో పాటు 700లో ఎన్28 కూడా ఉంది. బ్యాండ్ నంబర్ కాదు, ఈ మెగాహెర్ట్‌జ్ నంబర్ చిన్నగుంటే సిగ్నల్ దూరం పోతది, గోడలోంచి బాగ దూరుతది. నంబర్ పెద్దగుంటే స్పీడ్ ఎక్కువ గానీ రెండు గోడలు అడ్డమొస్తే చచ్చిపోతది. మీ రోడ్డు మీద ఫుల్ గీతలొచ్చేది 2300 అయి ఉండొచ్చు, ఇంట్లకు రాంగనే అది పడిపోయి ఫోన్ తక్కువ బ్యాండ్‌కు మారే లోపల కాల్ కట్ అయితుండొచ్చు. అనుమానమే కదా, చూస్తే తేలిపోతది.

చూసేదెట్ల అంటే, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్లే స్టోర్‌లో నెట్‌మాన్‌స్టర్ గానీ నెట్‌వర్క్ సెల్ ఇన్ఫో లైట్ గానీ ఫ్రీగ దొరుకుతది, లొకేషన్ పర్మిషన్ ఇయ్యాలె, లేకపోతే ఏం చూపియ్యదు. శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0011# కొడితే సర్వీస్ స్క్రీన్ వస్తది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటది, సర్వింగ్ సెల్ దగ్గర బ్యాండ్ నంబర్ ఉంటది. *#*#4636#*#* అని అందరూ చెప్తరు గానీ అండ్ల సిగ్నల్ బలం కనిపిస్తది, బ్యాండ్ చానా ఫోన్లలో కనిపియ్యదు. కొన్నిసార్లు బ్యాండ్ బదులు ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ అని ఒక అంకె మాత్రమే ఉంటది, భయపడకండి, అది 0 నుంచి 599 మధ్య ఉంటే బ్యాండ్ 1, 1200–1949 అయితే బ్యాండ్ 3, 2400–2649 అయితే బ్యాండ్ 5, 3450–3799 అయితే బ్యాండ్ 8, 9210–9659 అయితే బ్యాండ్ 28, 38650–39649 అయితే బ్యాండ్ 40.

దాని పక్కనే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని మైనస్‌లో ఒక అంకె ఉంటది, అది ఫోన్‌కు అందే సిగ్నల్ బలం, అసలు చూడాల్సింది అదే, గీతలు కాదు. గీతలు ఒక్కో ఫోన్ కంపెనీ తన ఇష్టమొచ్చిన లెక్కలో గీస్తది. మైనస్ 80 అటూఇటూ ఉంటే బ్రహ్మాండం, మైనస్ 100 అయితే నడుస్తది, మైనస్ 110 దాటితే ఇబ్బంది మొదలు, మైనస్ 120 దగ్గరికొస్తే ఇగ తెగిపోతది. స్లాబు మీద, ముందు రూములో, బిడ్డ కూసునే రూములో, కిటికీ పక్కన, ఇట్ల తిరిగి బ్యాండ్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ రెండూ కాగితం మీద రాస్కోండి. ఊకనే ఉన్నప్పుడు ఒకసారి, కాల్ నడుస్తున్నప్పుడు ఒకసారి చూడండి, ఎందుకంటే పని పడ్డప్పుడు ఫోన్ బ్యాండ్ మారుస్తుంటది.

పైన మైనస్ 90 ఉండి కింద మైనస్ 115 ఉంటే టవర్ మంచిగనే ఉంది, మీ గోడలే తింటున్నయ్. అప్పుడు బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోని ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే కథ అయిపోతది. కాల్స్ వైఫై మీదనే పోతయ్, నంబర్ అదే, మీటింగులు కూడా దాని మీదనే. నేనైతే మీకు ఇదే చెప్త, బూస్టర్‌కు పెట్టే పైసలు దీనికి పెట్టండి. ఇంట్ల వేరే కంపెనీ సిమ్ ఉంటే అదేసి అదే రూములో చూడండి, దాని తక్కువ బ్యాండ్ లోపలికి మంచిగ వస్తుంటే పోర్ట్ అయిపోండి.

మీరు చూసిన ఆ బూస్టర్ సంగతి కూడా చెప్పాలె. ఆ ధరలో దొరికేవి చానావరకు 900 ఒక్కటో, 900తో పాటు 1800, 2100 మాత్రమేనో పెంచుతయ్. పెట్టె మీద జీఎస్‌ఎం అని ఉంటే 900, డీసీఎస్ అంటే 1800, డబ్ల్యూసీడీఎంఏ అంటే మామూలుగా 2100 అని అర్థం. బ్యాండ్ 40లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ ఒకటే ఫ్రీక్వెన్సీ మీద వంతులేస్కోని నడుస్తయ్, ఆ వంతులకు తగ్గట్టు మారడం వీటికి రాదు. ఎన్78 సంగతీ అంతే. అంటే 4జీ 5జీ అన్నిటికీ అని రాసుండుడు వట్టి మాట.

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. మా అన్న డాలస్ నుంచి సంక్రాంతికి వస్తున్నడు, అక్కడ ఇంట్ల వాడే మంచి కంపెనీ బూస్టర్ తెస్తనన్నడు. అక్కడిది కదా, క్వాలిటీ బాగుంటది కదా?

జవాబు: తమ్మీ, తేవొద్దని ఇయ్యాల్నే ఫోన్ చేసి చెప్పు. లైసెన్స్ లేకుండ ఉంచుకునుడు తప్పు అని పైన చెప్పిన కదా, అదొక్కటే కాదు. క్వాలిటీ ఎంత బాగున్నా అది అమెరికా బ్యాండ్లకు చేసింది, అక్కడి బ్యాండ్లు మన బ్యాండ్లకు అడ్డం తిరిగి ఉన్నయ్.

ఎట్లంటే, అక్కడ బ్యాండ్ 2లో ఫోన్ టవర్‌కు పంపేది 1850–1910, టవర్ ఫోన్‌కు పంపేది 1930–1990. మన దగ్గర బ్యాండ్ 3లో టవర్ ఫోన్‌కు పంపేది 1805–1880. అంటే 1850–1880 ముక్కను ఆ బూస్టర్ ఫోన్ గొంతు అనుకోని టవర్ దిక్కు తోస్తది. ఇటు 1930–1980 మన బ్యాండ్ 1లో ఫోన్లు మాట్లాడే జాగ, దాన్ని టవర్ గొంతు అనుకుంటది. మొత్తం ఉల్టా. అక్కడి బ్యాండ్ 4లో ఫోన్ పంపేది 1710–1755, అది మన బ్యాండ్ 3 అప్‌లోడ్‌లో సగం కన్నా ఎక్కువ. కిందికొచ్చేది 2110–2155, అది మన బ్యాండ్ 1ది. అటొక కాలు ఇటొక కాలు, రెండిట్ల ఏ ఒక్కటీ పూర్తిగ నడవదు. 700 దగ్గర కూడా అక్కడి బ్యాండ్ 13లో ఫోన్ పంపే 777–787 మన బ్యాండ్ 28లో టవర్ పంపే 758–803 మధ్యలనే పడుతది. ఒక్క 850 (బ్యాండ్ 5) మాత్రమే అక్కడా ఇక్కడా ఒకటే. ఆ ఒక్కదాని కోసం అంత బరువు మోసుకొచ్చి కేసులు మీదేసుకునుడెందుకు, ఆ జాగలో బిడ్డలకు ఇంకేమన్నా తెమ్మను.

ప్రశ్న: మాది తాడ్వాయి దిక్కు ఊరు. ఇన్నాళ్లకు బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ టవరయ్యింది, పక్కింటోళ్ల ఫోన్‌ల వీడియోలు వస్తున్నయ్, నా ఫోన్‌ల 4జీ గుర్తే రాదు. బూస్టర్ పెడితే వస్తదా?

జవాబు: రాదు అన్నా, మీ ఫోన్‌కు ఆ బ్యాండ్ వినిపించకపోయే అవకాశం ఎక్కువుంది. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ, 2025 సెప్టెంబర్ 27న ప్రధాని ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించినది, ఊర్లల్లో ముఖ్యంగా 700 అంటే బ్యాండ్ 28 మీద వస్తది. అడవి ఊర్లకు అదే మంచిది కూడా, చెట్ల ఆకులు పెద్ద ఫ్రీక్వెన్సీని బాగ తింటయ్, 700 అట్ల తొందరగ పడిపోదు. కానీ ఇంతకు ముందు మన దగ్గర 4జీకి బ్యాండ్ 28 వాడినోళ్లు లేరు కాబట్టి చానా పాత ఫోన్లలో దాన్ని పెట్టలేదు. మీ ఫోన్ మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్లలో ఎల్‌టీఈ బ్యాండ్ల వరుస చూడండి, అండ్ల బీ28 ఉండాలె. ఒక్క జాగ్రత్త, ఎన్28 అని ఉంటే అది 5జీ లెక్క, బీ28 ఉన్నట్టు కాదు. బీ28 ఉండి కూడా రాకపోతే మీది పాత సిమ్ కావొచ్చు, ఆఫీసుకు పోయి 4జీ సిమ్ మార్పించుకోండి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ మోడ్ 4జీ ఆటోలో ఉందో లేదో చూడండి. ఫోన్ కొత్తది కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగే ముందు బీ28 ఉందా అని అడగండి, మీ ఊర్లో అదే ముఖ్యం.

టవర్ మరీ దూరముండి ఇంటి మీద కూడా మైనస్ 115 అట్ల చూపిస్తే, సిమ్ వేసుకునే 4జీ రూటర్, బయట యాంటెన్నాకు రెండు సాకెట్లున్నది తీస్కోండి. ఇది బూస్టర్ కాదు, పట్టుకున్న సిగ్నల్‌ను పెంచి మళ్లా అదే ఫ్రీక్వెన్సీలో గాలిలోకి వదలదు, మీ ఇంట్ల వైఫై ఇస్తది అంతే. రూటర్‌కు, యాంటెన్నాకు రెండిటికీ మీ బ్యాండ్ ఉండాలె, యాంటెన్నా 698 నుంచి 2700 దాకా రాసున్నదైతే మన 4జీ బ్యాండ్లన్నీ వస్తయ్. టవర్ దిక్కు తిప్పి బిగించండి. కేబుల్ పొడుగు చెయ్యకండి, సన్న ఆర్‌జీ58 కేబుల్ పది మీటర్లు లాగితే 2300 మీద దాదాపు పదో వంతు సిగ్నలే మిగులుతది, అన్ని పైసలు పెట్టి కొన్న యాంటెన్నా లాభం కేబుల్లోనే పోతది. 700 మీద అంత నష్టం ఉండదు. రూటర్‌నే పైన నీడలో పెట్టి కేబుల్ పొట్టిగ ఉంచుడు ఇంకా మంచిది.

ప్రశ్న: ఎనుమాముల దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీల గుమాస్తాగ చేస్తున్న. లోపలికి పోతే సిగ్నల్ సున్న. ఏ బ్యాండ్ అయితే లోపలికొస్తది?

జవాబు: ఏదీ రాదు తమ్మీ. మందపు గోడలు, వాటికి ఇన్సులేషన్, రేకుల కప్పు, ఇనుప తలుపు, ఇవన్నీ కలిస్తే 700 కూడా ఆగిపోతది. లోపలికి లాన్ కేబుల్ లాగి వైఫై పాయింట్ పెట్టించి వైఫై కాలింగ్ వాడుకోమని మీ ఓనర్‌కు చెప్పు. పెద్ద బిల్డింగులకు టెలికాం కంపెనీలే వచ్చి లోపల యాంటెన్నాలు పెట్టే పద్ధతి ఉంది, ఓనర్ రాతపూర్వకంగ అడగాలె. ఇగ లోపల ఒక్కడివే పనిచేస్తుంటే ఫోన్ ఉంది కదా అని ధైర్యంగ ఉండొద్దు, బయట ఒకరికి చెప్పి పో.

ప్రశ్న: కాజీపేటల హాస్టల్ల ఉంటున్న సార్. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 82 ఉంది, అయినా రాత్రి తొమ్మిది దాటితే రీల్ కూడా ఆడదు.

జవాబు: సిగ్నల్ బ్రహ్మాండంగ ఉంది, టవర్ మీద జనం ఎక్కువైన్రు. రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు కంపెనీలు తాత్కాలిక టవర్లు తెచ్చి పెట్టేది కూడా ఇందుకే, సిగ్నల్ ఉన్నా అంతమందికి సరిపోదు. యాప్‌లో ఎస్‌ఐఎన్‌ఆర్ అనే అంకె చూడు, అది సున్నా దగ్గరో మైనస్‌లోనో ఉంటే పక్క టవర్ల రొద కూడా తోడైనట్టు. కొన్ని ఫోన్లలో బ్యాండ్ ఎంచుకునే వీలుంటది, శాంసంగ్‌కు దానికో యాప్ ఉంది, మీడియాటెక్ చిప్ ఉన్న కొన్ని ఫోన్లలో *#*#3646633#*#* కొడితే ఇంజనీర్ మోడ్ వస్తది, అండ్ల బ్యాండ్ సెట్టింగ్ తప్ప వేరేవి ముట్టుకోకు. అందరూ బ్యాండ్ 3 మీద ఉన్నప్పుడు నువ్వు 40 మీదికి పోతే కొంచెం ఖాళీ దొరకొచ్చు. ఊరికి పోయేటప్పుడు మాత్రం మళ్లా ఆటోలో పెట్టు, లేకపోతే ఆ బ్యాండ్ లేని కాడ సిగ్నలే ఉండదు. దానికీ తగ్గకపోతే 198కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించి డాకెట్ నంబర్ తీస్కో, ఏ టైముకు, ఏ బ్యాండ్, ఎంత స్పీడ్ అని రాసిపెట్టుకున్న కాగితం దగ్గర పెట్టుకోని మాట్లాడు. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీకి ఆ డాకెట్ నంబర్‌తో అప్పీల్ చేసుకోవచ్చు. హాస్టల్ పిల్లలు నలుగురైదుగురు ఎవరి నంబర్ మీద వాళ్లు ఇట్లనే రాయిస్తే మంచిది.